ఇంగ్లీషు పద్యానికి నేను కలిపిన ఒక్క మాట

నా చదువు అరవంలో ఐదో తరగతి వరకే. ఇంటి మాట తెలుగు, దాని రాత సొంతంగా నేర్చుకున్నది. ఇంగ్లీషులో నాలుగు మాటలు కూర్చి మాట్లాడమంటే ఇప్పటికీ చెమట పడుతుంది. అయినా ముప్పై ఆరేళ్లు కోయంబత్తూరులో ఒక ప్రెస్సులో ఇంగ్లీషు పుస్తకాలకు సీసపు అక్షరాలు పేర్చి బతికాను. కంపోజిటర్ అనేవారు మమ్మల్ని. ఆ పని ఇప్పుడు లేదు. అక్షరాల గళ్ల పెట్టెలు లేవు, సీసం లేదు. కానీ మాటలను పేజీ మీద పేర్చేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు, కంప్యూటర్ ముందు కూర్చుని పేరుస్తున్నారు. వాళ్ల కోసం ఇది రాస్తున్నాను. జీతాలు, సంఘాలు, ఎవరు ఎప్పుడు ఫోర్‌మన్ అయ్యారు, ఇవేవీ రాయను. ఈ పనిలో నేను నేర్చుకున్న పెద్ద పాఠం ఒకటే, అదీ తప్పు చేసి నేర్చుకున్నది. ఆ తప్పు ఒక ఇంగ్లీషు పద్యంలో చేశాను. ఇన్నేళ్ల తరువాత దాన్ని తవ్వుకోవలసిన అవసరం ఎందుకొచ్చిందో ముందు చెప్పాలి.

నా భార్య కృష్ణమ్మ పోయి ఏడాది కావస్తోంది. సంవత్సరీకానికి వచ్చే చుట్టాలకు ఆమె పాడే పాటను చిన్న అట్ట మీద అచ్చు వేయించి ఇవ్వాలని నా కోరిక. ఆమెకు రాయడం రాదు. ఆమె చేత్తో రాసిన చీటీ ఒక్కటి కూడా మా ఇంట్లో లేదు. మిగిలింది ఆ పాట, అదీ నా చెవిలో.

మా వీధి మలుపులో శరణ్య అని మా వాళ్ల పిల్లే, పెళ్లి పత్రికలు వేసే అంగడి పెట్టుకుంది. ముప్పై ఏళ్లుంటాయి. చదివింది అరవం, ఇంట్లో తెలుగు, పత్రికల కోసం తెలుగు అక్షరాలు కొట్టడం సొంతంగా నేర్చుకుంది. ఆమె పక్కన కూర్చుని పాట చెప్పాను. తెర మీద ఇట్లా వచ్చింది:

రాయి తిరిగే ఊరు మాదమ్మా
రాగులెండే వాకిలి
దారి వెంట పొయ్యే చిన్నమ్మా
దాహమైతే నిలువు

శరణ్య తల పక్కకు వంచి చూసింది.

"తాతా, రెండో వరసలో ఒక మాట తక్కువ అవుతా ఉంది. నాలుగోదాంట్లో కూడా. మీరు పాడేటప్పుడు అక్కడ ఆగితిరి కదా?"

"ఆమాం. ఆమె కూడా ఆగేది."

"అయితే ఏదో మరిచినట్టుండారు. 'అమ్మా' అని వేసేద్దామా? నిండుగా ఉంటాది."

"వద్దమ్మా. సుమ్మా, అట్లే ఉండనీ."

"అట్లా వదిలితే నేను కొట్టడం మరిచినాననుకుంటారు తాతా. అట్ట కింద నా అంగడి పేరు ఉంటాది కదా!"

ఆ మాటలో న్యాయముంది. కానీ "అమ్మా" అని ఆమె వేలు మీట మీదికి పోతుంటే చెయ్యి అడ్డం పెట్టాను. అదే తప్పు, అదే తొందర, నావే. పది రోజులు గడువివ్వమన్నాను. ఆ రెండు ఖాళీల్లో ఏముందో తెలియకుండా కృష్ణమ్మ పాటను అచ్చు వేయను అన్నాను. శరణ్య నవ్వి, "తెలియకపోతే?" అంది. తెలియకపోతే అట్ట వేయించేదే లేదన్నాను.

ఖాళీ కూడా సీసమే

ప్రెస్సు ముదలాళి, అంటే యజమాని, మా తెలుగు శెట్టియారే. కోపిష్ఠి. ఆయన మంచివాడని ఇప్పుడు అందరూ అంటారు. పోయినవాళ్లను అట్లా అనాలి కాబట్టి అంటారు. నేను అనను. పనివాళ్లను నలుగురిలో తిట్టేవాడు, పండగ నాడు కూడా నవ్వేవాడు కాదు. కానీ పని తెలిసినవాడు.

చేరిన కొత్తలో నేను వరస ఇరుకైతే మాటల మధ్య ఉండే ఖాళీ ముక్కలు తీసేసి మాటలను దగ్గరికి నొక్కేవాణ్ని. ఖాళీయే కదా, పోతే పోయిందని. ఒకనాడు ముదలాళి నా చేతిలోని అచ్చు వరసను చూసి, నా కళ్లకు తువ్వాలు కట్టించాడు.

"తడిమి చెప్పరా. ఎన్ని ముక్కలు?"

వేలితో తడిమి లెక్క చెప్పాను.

"అందులో అక్షరాలెన్ని, ఖాళీలెన్ని?"

చెప్పలేకపోయాను. ఖాళీ ముక్క కూడా సీసమే. అక్షరం కన్నా కాస్త పొట్టిగా ఉంటుంది కాబట్టి దానికి సిరా అంటదు, కాగితం మీద పడదు. అంతే తేడా. బరువు అదే, చల్లదనం అదే. అది తీసేస్తే పక్క అక్షరాలు వాలిపోతాయి.

"కనపడనిదంతా లేనిది అనుకునేవాడు ఈ పనికి పనికిరాడు. పోయి మళ్లీ కట్టు," అన్నాడు.

కంప్యూటర్ మీద పని చేసే పిల్లలకు ఈ తడమడం లేదు. బొటనవేలితో పొడుగు మీట నొక్కితే ఖాళీ వస్తుంది, దానికి బరువు లేదు. అందుకే దాన్ని లెక్కచేయరు. తప్పు పిల్లలది కాదు, కానీ నష్టం ఉంది.

వరదరాజులు సారు

నాకు ముప్పై రెండు ముప్పై మూడేళ్లప్పుడు వరదరాజులు సారు వచ్చారు. కాలేజీలో ఇంగ్లీషు చెప్పేవారు, మా తెలుగువాళ్లే, అన్నూరు పక్క రైతు కుటుంబం. పిల్లల కోసం ఒక చిన్న పుస్తకం రాశారు. ఇంగ్లీషు పద్యాన్ని ఎట్లా కొలవాలి, దాని నడక ఏమిటి, వరసల కొసలు ఎట్లా కలుస్తాయి, ఏ రూపంలో కట్టారు, ఇదంతా ఒక్క పాత పద్యాన్ని పట్టుకుని విడమర్చే పుస్తకం.

చిక్కు ఎక్కడొచ్చిందంటే, పద్యంలో ప్రతి పలుకు నెత్తిన ఒక గుర్తు పెట్టాలి. తేలిక పలుకైతే చిన్న గిన్నె లాంటి వంపు, బరువు పలుకైతే ఒక గీత. మా గళ్లలో ఆ గుర్తులు లేవు. నేను బ్రాకెట్ గుర్తులను అడ్డంగా పడుకోబెట్టి ఆకురాయితో అరగదీసి గిన్నెలు చేశాను. సారుకు ముచ్చటేసింది.

"భలే రంగసామీ! కానీ ఒకటి చూడు. మన తెలుగు ఛందస్సులో ఈ గిన్నె గుర్తు బరువుకు పెడతారు. ఇంగ్లీషువాడు తేలికకు పెట్టినాడు. ఎవరి తక్కెడ వాళ్లది."

మొదటి ప్రూఫులో సగం గుర్తులు తప్పు పలుకుల మీద కూర్చున్నాయి. సారు తిట్టలేదు. కాగితం కట్ట మీద కూర్చుని, "అర్థం తెలియకపోయినా పరవాలేదప్పా. నడక తెలియకుంటే ఈ గుర్తులు నిలవవు," అన్నారు. ఆ రోజు నుంచి తరగతి ముగియగానే వచ్చి నాకు పద్యం వినిపించేవారు.

"మీ అమ్మ దంచేటప్పుడు పాడేదా?"

"పాడేది సార్."

"రోకలి పడేది మాట మొదట్లోనా, తరువాతా?"

బల్ల మీద కొట్టి చూసుకున్నాను. "మొదట్లోనే సార్. దెబ్బతోనే మాట ఎత్తుకుంటారు."

"ఈ పద్యంలో రోకలి పైకి లేచేటప్పుడు మాట మొదలవుతాది. తేలిక, తరువాత బరువు. తేలిక, బరువు. నాలుగు సార్లు."

అట్లా మొదటి వరసకు నాలుగు దెబ్బలు. రెండో వరసకు సారు మూడే కొట్టి, చెయ్యి గాలిలో ఆపేశారు.

"నాలుగోది ఏది సార్?"

"గాలిలో ఉంది. పలకదు, అయినా ఉంటాది. అది లేకుంటే తరువాతి వరస వచ్చి దీన్ని తొక్కేస్తాది."

మళ్లీ నాలుగు, మళ్లీ మూడు. ఆ నాలుగు వరసలు ఒక చరణం. అట్లాంటివి ఏడు. రెండో వరస కొస, నాలుగో వరస కొస ఒకే మోతతో ముగుస్తాయి. అందుకే ఆ రెండింటినీ కాస్త లోపలికి జరిపి కట్టాలి. అంతకుముందు ఎన్నో పద్యాలను అట్లా జరిపి కట్టాను, అందం కోసమనుకున్నాను. జత వరసలకు గుర్తు అని అప్పుడు తెలిసింది.

"మన పాటల్లో తల దగ్గర ముడి వేస్తారు రంగసామీ. రాయి అంటే కింది వరస రాగులు అని ఎత్తుకుంటాది. వీళ్లు తోక దగ్గర ముడి వేస్తారు. ముడి ఎక్కడైతేనేం, వరసలు విడిపోకుండా ఉండాల."

పద్యం కథ కూడా చెప్పారు. ఒక ఆడమనిషి నది గట్టు మీద కూర్చుని పడవ కోసం చూస్తుంటుంది. తన మనిషి ఎక్కి వెళ్లిన పడవ. ప్రతి చరణం కడపటి వరస ఒక్కటే: పడవ రాలేదు ఇంకా. ఆ "ఇంకా" అన్నది ఇంగ్లీషులో మూడక్షరాల చిన్న మాట, వరస కొసన కూర్చుంటుంది. దాంతో మోత కలవడానికి రెండో వరసలన్నీ ఆ మోత మాటతోనే ముగుస్తాయి. ఆ అక్షరాలు నా గడిలో తొందరగా అయిపోతుండేవి.

నాకు ఆ రోజుల్లో నేల మీద కాలు నిలిచేది కాదు. సైకిల్ తొక్కుతూ దెబ్బలు లెక్కపెట్టేవాణ్ని. మిల్లు సైరనుకు, కూరగాయలమ్మే కేకకు కూడా తేలిక, బరువు వెతికేవాణ్ని. సగం తెలిసినవాడికి ఉండే సంతోషం పూర్తిగా తెలిసినవాడికి ఉండదు. ప్రమాదం కూడా అక్కడే ఉంది.

మూడక్షరాలు

పుస్తకం అంతా కట్టాం. సారు చివరి ప్రూఫు చదివి సంతకం పెట్టి, పరీక్షల పని మీద మదురై వెళ్లారు. సంతకం పడిన ప్రూఫులో చుక్కను కూడా కదపరాదు. ఇది మా పనిలో మొదటి కట్టుబాటు, ఇప్పటికీ అదే.

మిషన్ మీదికి ఎక్కించే ముందు పేజీ బిగిస్తూ, ఊరికే పద్యం దెబ్బలు కొట్టుకుంటూ పోయాను. ఏడో చరణం కడపటి వరస దగ్గర చెయ్యి తడబడింది. మూడు ఉండవలసిన చోట రెండే ఉన్నాయి. కొస చూశాను. రెండో వరస మోత ఉంది, నాలుగో వరసలో దానికి జత లేదు. "ఇంకా" అన్న ఆ చిన్న మాట లేదు. పై ఆరు చరణాల్లోనూ ఉంది, ఇక్కడ లేదు.

సారు రాత ప్రతి తీసి చూశాను. అందులోనూ లేదు. సారే రాసేటప్పుడు మరిచారని తేల్చుకున్నాను. దెబ్బల లెక్క ఒక సాక్షి, కొస మోత ఒక సాక్షి, రెండూ నా పక్కనే ఉన్నాయి. సారు పరువు కాపాడుతున్నాననుకుంటూ, పై చరణం చూసి అవే మూడక్షరాలు తీసి వరస చివర పెట్టాను. ఖాళీ ముక్కలు తీసి పక్కన పడేశాను. వరస నిండింది. ఆ మాట నెత్తిన బరువు గుర్తు కూడా పెట్టాను, ఏమీ తక్కువ చేయలేదు.

ఆరు వందల పుస్తకాలు అచ్చయ్యాయి.

సారు మదురై నుంచి వచ్చి ఒక పుస్తకం తెరిచారు. నేను చేతులు తుడుచుకుంటూ ఎదురుగా నిలబడ్డాను, మెచ్చుకుంటారని. ఆయన వేలితో బల్ల మీద కొట్టుకుంటూ వచ్చి చివర ఆగిపోయారు.

"ఇది ఎవరు పెట్టినారు?"

"నేనే సార్. మీరు మరిచినట్టుంటే..."

"లెక్క సరిపోయినాదా?"

"సరిపోయింది సార్."

"తోక ముడి?"

"అదీ పడింది సార్."

ఆయన పుస్తకం మూశారు. కోపం వస్తే బాగుండేది. "ఆ ఆడమనిషికి కడపటి చరణంలో తెలిసిపోతాది రంగసామీ, ఇక రాదని. అందుకే 'ఇంకా' అనలేదు. పడవ రాలేదు, అంతే. మోత కోసం మన చెవి కాచుకుంటాది, అది రాదు. ఆమెకు పడవ రానట్టే మనకు మోత రాదు. కవి ఆమెను లేపి ఇంటికి పంపినాడప్పా. నువ్వు చెయ్యి పట్టి మళ్లీ గట్టు మీద కూర్చోబెట్టినావు."

కింది పేజీలో సారు రాసింది అంతా ఆ లోటు గురించేనట. ఈ వరస ఎందుకు కురచగా ఉందో చూడండి అని పిల్లలకు చెప్పిన మాటలు. నేనే పేర్చాను ఆ పేజీని, ఒక్కొక్క అక్షరం. చదవలేను కాబట్టి తెలియలేదు. మా పనిలో ఉన్న బాధ ఇది. లోకంలో ఉన్నదంతా మన వేళ్ల మీదుగా పోతుంది, మనకు అంటదు.

చిన్నవాళ్లకు చెప్పేదేమంటే, ఏమీ తెలియనివాడు చేసే తప్పును ఎవరైనా పట్టుకుంటారు. కొత్తగా లెక్క నేర్చినవాడి తప్పు ఒప్పులాగే కనబడుతుంది. లెక్క తప్పిన చోట దిద్దకండి. ఎందుకు తప్పిందో రాసినవాడిని అడగండి.

బ్లేడు

ముదలాళి తీర్పు ఒక్క మాట: "పెట్టినవాడే తియ్యాల." ఆరు వందల పుస్తకాల్లో ఆ మూడక్షరాలను, నెత్తిన గుర్తును, బ్లేడుతో కాగితం చిరగకుండా గీకాలి. పగలంతా ప్రెస్సు పని. పుస్తకాలు కట్టలుగా ఇంటికి తెచ్చి, ఆదివారాలు వాకిట్లో కూర్చుని గీకాం, నేనూ కృష్ణమ్మా. ఆమెది నా కన్నా నాజూకు చెయ్యి. గీకిన చోట గోటితో రుద్ది కాగితాన్ని నున్నగా చేసేది.

"ఏం మాటయ్యా ఇది, ఇన్ని సార్లు చంపతా ఉండాము?"

కథ చెప్పాను. పడవ, నది గట్టు, ఇంకా అన్న మాట.

బ్లేడు ఆపింది. "పావం. ఉండనీ కూడదా? కాచుకునేదానికి ఉండేది ఆ ఒక్క మాటే కదా. అదీ గీకేస్తే ఆమెకేం మిగిలినాది?"

"కవి పెట్టలేదు కదే."

"కవి మొగాడు కదా," అని మళ్లీ గీకసాగింది.

గీకుతూ తన పాట ఎత్తుకుంది. ఆ పాట ఆమెకు ఊపిరి లాంటిది. బియ్యం ఏరేటప్పుడు, ఉయ్యాల ఊపేటప్పుడు, కరెంటు గ్రైండరు తిరుగుతుంటే పిండి తోస్తూ కూడా అదే. "రాగులెండే వాకిలి" అని, ఒక దెబ్బంత సేపు ఆగి, తల ఎత్తి నా వైపు చూసి, తరువాతి వరసకు పోయేది. ఎప్పుడూ అంతే. ఆ రోజు నాకు కొత్తగా లెక్క తెలుసు కాబట్టి పట్టుకున్నాను.

"నీ పాటలో కూడా మాట పోయింది. రెండో వరసకు మూడే దెబ్బలు. మరిచిపోయావా?"

"మరిచింది నేను కాదు."

"మరి అక్కడేముంది? చెప్పు."

ఆమె సిగ్గుపడినట్టే నవ్వింది. "అది నేను పలికేది కాదయ్యా."

అంతే, నాకు అర్థమైపోయిందనుకున్నాను. మా ఇళ్లల్లో ఆ రోజుల్లో ఆడవాళ్లు మొగుడి పేరు పలకరు. రేషన్ ఆఫీసులో అడిగినా పక్కవాళ్ల చేత చెప్పిస్తారు. పలకనిది, నవ్వు తెప్పించేది, నా వైపు చూసేది, ఇంకేమై ఉంటుంది? నా పేరే. ఇంకోసారి అడగలేదు. ఆమె పాడుతూ ఆగి తల ఎత్తినప్పుడల్లా నేను పేపరు వెనక మీసం దువ్వుకున్నాను. అట్లా నలభై ఏళ్లు గడిపాను.

నా పేరు పట్టలేదు

శరణ్య దగ్గర గడువు తీసుకుని ఇంటికి వచ్చిన సాయంత్రం, కృష్ణమ్మ పాట బల్ల మీద కొట్టి చూశాను. నిజం చెప్తాను, ఆ ఖాళీల్లో నా పేరు వేయించుకోవాలని మనసులో ఉంది. ఆమె పలకలేదు, కాగితమైనా పలుకుతుందని.

సారు నేర్పిన తక్కెడ తీశాను. తేలిక పలుకు ఒకటి, బరువు పలుకు రెండు. వాకిలి అంటే నాలుగు. తిరిగే అంటే నాలుగు. ఆ ఖాళీ కూడా నాలుగుకే పడుతుంది. రంగసామి అంటే ఆరు. నెట్టి చూశాను, ఇరికించి చూశాను. నా పేరు ఎక్కడ పెట్టినా పాట కుంటుతోంది. శరణ్య చెప్పిన "అమ్మా" చక్కగా పట్టింది, నా పేరు పట్టలేదు.

అప్పుడు గానీ ఇంకో సంగతి తోచలేదు, సిగ్గుచేటు. ఆ పాట పుట్టింటి తిరగలి దగ్గరిదని ఆమె ఎన్నో సార్లు చెప్పింది. నేను ఆమెకు తెలియక ముందే ఆ ఖాళీ ఉంది.

ఏడాదిగా మా ఇంట్లో ఒంటరిగా ఉన్నాను. ఏడ్చాను కూడా. కానీ ఆ సాయంత్రం లాంటిది లేదు. తల ఎత్తి చూసిన ఆమె కళ్లు గుర్తొచ్చాయి. ఆ చూపు నాకేదో ఇస్తోందనుకున్నాను ఇన్నాళ్లూ. అడుగుతోందేమో. ఏమడిగింది? చెప్పగల మనిషి లోకంలో ఒక్కతే మిగిలింది, ఆమె అక్క జయమ్మ వదిన.

ఒట్టన్‌చత్రం

వదినకు ఎనభై దాటాయి. అన్నూరు పక్క పల్లె నుంచి ఒట్టన్‌చత్రం కోడలుగా పోయింది. కొడుకు అక్కడ మార్కెట్లో కూరగాయల మండీ నడుపుతాడు. పళని మీదుగా బస్సులో వెళ్లి మిట్టమధ్యాహ్నం దిగాను. వదిన పంచలో చాప మీద మిరపకాయల గుట్ట ముందు కూర్చుని తొడిమలు తుంచుతోంది.

"రా రా మరిదీ. ఇంత ఎండలో ఏల వస్తివి? మజ్జిగ తాగుతావా, కాఫీ తాగుతావా? కాఫీ అయితే కోడలు పోస్తాది, మజ్జిగ అయితే నేను పోస్తా. కోడలి కాఫీ తాగి ఇంతవరకూ ఎవరూ పోలేదులే, భయపడొద్దు."

లోపలి నుంచి కోడలు, "వినపడతా ఉండాది అత్తా!" అంది.

"వినపడాలనే కదా చెప్పినాను!"

మజ్జిగ తాగాను.  పాట గుర్తుందా అని అడగలేదు. ఎదురుగా కూర్చుని, ఒక మిరపకాయ చేతిలోకి తీసుకుని, ఎత్తుకున్నాను. నాది పాడే గొంతు కాదు. రాయి తిరిగే ఊరు మాదమ్మా, రాగులెండే వాకిలి. ఆగాను.

"ఉండా," అంది వదిన.

తల ఎత్తలేదు. తొడిమ తుంచుతున్న చెయ్యి ఆగలేదు. నేను మిరపకాయ కింద పెట్టాను.

"ఏమంటివి వదినా?"

"నేనేమంటిని? ఏమనలేదే."

మళ్లీ పాడాను. దాహమైతే నిలువు. "ఉండా," అంది మళ్లీ. ఈసారి తనకే వినపడింది. చెయ్యి ఆగింది. నన్ను చూసింది, చాపను చూసింది.

"అయ్యో కడవుళే. ఎన్నేళ్లయినాదో!"

తిరగలి దగ్గర ఇద్దరు కూర్చునేవారట, ఎదురెదురుగా. కృష్ణమ్మ రాయి తిప్పుతూ పాడేది. వదిన పిడికెడు గింజలు రాతి నోట్లో పోసేది. పోసే చెయ్యి లోపల ఉండగా రాయి తిరిగితే వేళ్లు నలుగుతాయి. అందుకని పాడేది ఒక దెబ్బ ఆగాలి, పోసేది చెయ్యి తీసి, ఉండా, అని పలకాలి. ఉన్నాను, తిప్పు అని. పలుకు విన్న తరువాతే రాయి కదలాలి.

"అది కళ్లు మూసుకుని పాడేది మరిదీ, దొంగపిల్ల. నా పలుకే దానికి కన్ను."

"పలకకపోతే?"

"పలకకపోతే ఆగుతాది. ఎంతసేపైనా ఆగుతాది. ఒకసారి ఏడిపిద్దామని కావాలనే పలకలేదు. రాయి పట్టుకుని అట్లే కూర్చున్నాది. గింజలు పోసేసి నేను సుమ్మా చూస్తా ఉండా. కడాకు భోరున ఏడ్చినాది, నా చేతికేమో అయిపోయినాదని." వదిన కొంగుతో ముక్కు తుడుచుకుంది, మిరపకాయల ఘాటో ఏమో. "నాకు పెళ్లయి నేనిటొచ్చేస్తిని. అదొక్కతే ఒక చేత్తో పోసి ఒక చేత్తో తిప్పేదంట. ఎవరు పలికినారో దానికి."

 నలభై ఏడేళ్లు ఆమె ఆ దెబ్బ దగ్గర ఆగి, తల ఎత్తి, ఎదురుగా కూర్చున్న మనిషిని చూసింది. ఎదురుగా ఉన్నది నేను. నేను అనవలసింది రెండే పలుకులు. సారు బల్ల మీద చెయ్యి గాలిలో ఆపినప్పుడు ఆ నాలుగో దెబ్బ పలకదని నేర్పారు, అది ఆ పద్యానికి నిజం. ఈ పాటకు కాదు. ఇక్కడ పలకవలసినవాడు ఉన్నాడు, పేపరు చదువుకుంటున్నాడు. ఒక పద్యంలో కవి వదిలిన చోట అడక్కుండా మాట పెట్టాను. మా ఇంట్లో నా కోసం వదిలిన చోట పెట్టలేదు. రెండు చోట్లా ఒకటే తప్పు, ఎవరి కోసం వదిలారో అడగలేదు.

శరణ్యకు ఏం చెప్పాలో తెలిసింది. ఆ మాటను వరసలో కలపరాదు. కుడి పక్కకు జరిపి, వేరే మనిషి పలికినట్టు, చిన్న అక్షరాల్లో విడిగా పెట్టాలి. నడుమ ఒక దెబ్బంత ఖాళీ ఉండాలి.

"ఏం మరిదీ, ఆగిపోయినావే? నేను పలికితిని కదా. తిప్పు."

"నువ్వు పాడు వదినా," అన్నాను. "నేను పలుకుతా."

వదిన నన్ను కాసేపు చూసింది.  మోకాళ్లు సర్దుకుని, మిరపకాయల గుట్టను పక్కకు నెట్టి, మా ఇద్దరి మధ్య చాప ఖాళీ చేసింది. లేని రాయి పిడిని పట్టుకున్నట్టు కుడి చెయ్యి చాచింది. పాట ఎత్తుకుంది, నడక తప్పలేదు. రాయి తిరిగే ఊరు మాదమ్మా, రాగులెండే...

"ఉండా!" అనేశాను.

"తొందరేల మరిదీ?" వదిన నవ్వింది, కళ్ల నీళ్లతో. "చెయ్యి ఇంకా రాతిలోనే ఉండాది. వేళ్లు పొయ్యేవి."

మళ్లీ మొదటి నుంచి ఎత్తుకుంది.